ఆదివారాలు అమ్మి కొన్న బుల్లెట్

మణుగూరులోని సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో ఒక డంపర్ ఆపరేటర్ ఉండేవాడు. అతను తోలేది వంద టన్నుల బండి. గని అడుగున మట్టి ఎత్తుకొని పైకి రావడం, కుప్ప మీద పోయడం, ఖాళీ బండితో మళ్ళీ కిందికి దిగడం. షిఫ్టు ఎనిమిది గంటలూ ఇదే చక్కరు. రోజంతా తోలినా పొద్దున ఎక్కిన చోటే సాయంత్రం దిగుతాడు. అలాంటి మనిషికి ఒక్కసారైనా తిన్నగా, తిరిగి చూడకుండా, ఎటైనా పోవాలనిపించడంలో వింతేమీ లేదు.

2023 సెప్టెంబరులో సింగరేణి కార్మికుల ఖాతాల్లో 11వ వేజ్ బోర్డు ఎరియర్స్ పడ్డాయి. ఇరవై మూడు నెలల బకాయి ఒక్కసారే వచ్చింది. కొందరు అప్పులు తీర్చారు, కొందరు బంగారం కొన్నారు. మనవాడు కూతురి కాలేజీ ఫీజు కట్టి, కారుతున్న స్లాబు బాగు చేయించి, మిగిలిన డబ్బుతో బుల్లెట్ 350కి డౌన్ పేమెంట్ కట్టాడు. మిగతాది ఫైనాన్స్, మూడేళ్ళ వాయిదాలు.

దసరాకు భద్రాచలం తీసుకుపోయి రామయ్య సన్నిధిలో బండికి పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. తిరుగు దారిలో గోదావరి వంతెన దాటాక బండి పక్కకు ఆపి, భార్యతో ఫొటో తీయించుకున్నాడు. "ఇగ జూడు, ప్రతి ఆదివారం అడివిలనే మనం" అన్నాడు. లెక్కంతా ముందే వేసుకున్నాడు. ఒక వారం పర్ణశాల, ఒక వారం కిన్నెరసాని. చలికాలంలో ముప్పయ్యో నంబరు జాతీయ రహదారి పట్టుకొని చింతూరు దాకా పోయి, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కి మారేడుమిల్లి. రాత్రి అక్కడే బస.

పర్ణశాల అయింది. కిన్నెరసాని సగం అయింది, అంటే పాల్వంచ దాకా పోయాక వాన పడి వెనక్కి వచ్చారు. మారేడుమిల్లి మాత్రం కాలేదు.

ఎందుకు కాలేదంటే, నెలకు ఐదున్నర వేల వాయిదా. జీతంలోంచి తీస్తే ఇంట్లో ఇబ్బంది. గనిలో ఆదివారం డ్యూటీకి దిగితే రెట్టింపు వేతనం వస్తుంది. దాన్ని అక్కడ ప్లే డే అంటారు. పేరుకు ఆటరోజు, చేసేది పని. రెండు ప్లే డేలు చేస్తే బండి వాయిదా దానంతట అదే తీరిపోతుందని మనవాడికి తోచింది. పోయి పేరు రాయించుకున్నాడు. ఆ రెండూ కాస్తా మూడయ్యాయి. మూడో ఆదివారం సంపాదన గ్యాసుకూ, పెళ్ళిళ్ళ చదివింపులకూ అలవాటు పడింది. మిగిలిన నాలుగో ఆదివారం నిద్రకు పోయింది. షిఫ్టులు మారే ఒంటికి ఆ నిద్ర తప్పదు, దాన్ని తప్పుపట్టలేం.

మరి రోజూ డ్యూటీకైనా బుల్లెట్ మీద పోవచ్చు కదా? పోలేదు. బొగ్గు దుమ్ము పడుతుందని దాన్ని రేకుల షెడ్డు కింద కవరు కప్పి ఉంచి, పాత స్ప్లెండర్ మీదే గనికి పోయేవాడు. ఆ స్ప్లెండర్‌కు సైలెన్సర్ తుప్పు పట్టింది, సీటు చిరిగింది. కానీ ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా తిరిగింది. దాన్ని అమ్ముదామన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

నిలబడ్డ బండి ఊరికే నిలబడదు. మొదటి వానాకాలంలో బ్యాటరీ పడిపోయింది. తర్వాత చైను ఎర్రబడింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులోనే ఉంటే ఇంజన్‌కు మంచిది కాదు. కిలోమీటర్లు తిరక్కపోయినా గడువు దాటితే ఆయిల్ మార్చాల్సిందే. బీమాకైతే బండి కదిలిందా లేదా అన్న పట్టింపే లేదు. వీధి చివరి మెకానిక్ రెండుసార్లు బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి, మూడోసారి చెప్పేశాడు. "తిప్పన్నా, లేకుంటే అమ్మన్నా. రెండిట్ల ఏదన్న ఒకటి జెయ్."

"వచ్చే ఆదివారం తిప్పుతా" అన్నాడు మనవాడు.

2025 సెప్టెంబరు 22న 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బుల్లెట్టే వేలల్లో దిగివస్తే పాతదాన్ని మునుపటి ధరకు ఎవరడుగుతారు? అంతకుముందు వేసవిలో మంచి ధరకు అడిగిన మనిషిని "అమ్మేది కాదు" అని పంపించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. భార్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

మిర్చి అమ్మకాల కాలం వచ్చింది. చర్ల వైపు నుంచి ఒక యువరైతు ఖమ్మం యార్డులో తేజ మిర్చి అమ్ముకొని, చేతిలో డబ్బుతో పాత బండి వెతుక్కుంటూ వచ్చాడు. మెకానికే తోలుకొచ్చాడు. రైతు మీటరు చూశాడు. 2,140 కిలోమీటర్లు. నమ్మలేదు.

"మీటర్ గిట్ల వెనక్కి తిప్పిచ్చినవా అన్నా?"

"అయ్యో, తిప్పలే తమ్మీ. అసలు బండే తిప్పలే."

"మరెందుకు అమ్ముతున్నవ్? బండి మంచిగనే ఉండె గద."

"ఏం జెయ్యాలె, టైం దొరుకుత లేదు."

రైతు కాసేపు ఆలోచించాడు. "టైం నాక్కూడ దొరకదన్నా. చేనుకు పోవాలె గద, అందుకే బండెక్కుత."

బేరం కుదిరింది. వచ్చిన డబ్బులో ముందు ఫైనాన్స్ బాకీ తీర్చి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, కాగితాల మీద సంతకాలు చేసుకున్నారు. తాళాలు ఇస్తూ మనవాడు ఉండబట్టలేక, "అడివి దారిల పైలం తమ్మీ, గీతలు పడ్తయ్" అన్నాడు. రైతు నవ్వి ఊరుకున్నాడు.

మూడు నాలుగు నెలలకు భద్రాచలం బస్టాండు దగ్గర ఆ బండి కనబడింది. వెనక సీటుకు డీజిల్ క్యాను, ట్యాంకు మీద ఎరువు బస్తా, మడ్‌గార్డు నిండా గోదావరి ఒండ్రు. ట్యాంకుకు రెండు చోట్ల పెయింటు లేచింది. మనవాడికి మనసు చివుక్కుమంది. అయినా వంగి మీటరు చూశాడు. ఆరు వేలు దాటింది.

"మారేడుమిల్లి పోయినవా తమ్మీ?"

"అక్కడ నాకేం పనన్నా?" అని అలవాటు కొద్దీ కిక్కు కోసం కాలు లేపి, దీనికి సెల్ఫే అని గుర్తొచ్చి, మీట నొక్కి పోయాడు రైతు.

నీతి: షికారుకు కొన్న బండికి సెలవే ఇంధనం. ఆ సెలవునే అమ్మి బండి వాయిదా కట్టినవాడి ఇంట్లో బండి ఉంటుంది, ప్రయాణం ఉండదు.

కొత్తగా ఉండగానే పాతబడిన బండిని అమ్మేవాళ్ళలో నూటికి తొంభై మంది చెప్పే కారణం ఒకటే, టైం లేదని. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. మన ఆపరేటర్‌కు కాలం లేకపోలేదు. నెలకు నాలుగు ఆదివారాలు ఉన్నాయి. మూడింటిని తనే అమ్ముకున్నాడు. అందుకు అతణ్ణి తప్పుపట్టను. కూతురి చదువు, ఇంటి కప్పు, వాయిదా, ఇవన్నీ ఉన్న మనిషి రెట్టింపు కూలిని కాదనుకోవడం తేలిక కాదు. హైదరాబాదులో వారాంతాలు కూడా లాప్‌టాప్ ముందు గడిపి, అపార్ట్‌మెంటు సెల్లారులో హిమాలయన్ బండికి దుమ్ము పట్టించే కుర్రాడి కథా ఇదే. జీతాలు వేరు, అంతే. నేను తప్పుపట్టేది షోరూములో వేసిన లెక్కను. అక్కడ డౌన్ పేమెంటు లెక్క వేస్తారు, వాయిదా లెక్క వేస్తారు, మైలేజీ అడుగుతారు. నెలకు ఎన్ని రోజులు ఈ బండి ఎక్కగలం, ఆ రోజులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి అని మాత్రం అడగరు.

ఇంకొక తప్పు ఆలస్యం. అమ్మితే ఓడిపోయినట్టని మొదటి ఏడాది, అడిగినంత ధర రాలేదని రెండో ఏడాది గడిపేస్తారు. రైతు చేతికి పోయిన బండి చెడిపోలేదు, పనిలో పడింది. గీతలు పడితే పడ్డాయి. షెడ్డులో మెరుస్తూ తుప్పు పట్టిన రోజులకన్నా అవే ఆ బండికి మంచి రోజులని నా తీర్పు.

కాబట్టి కొనబోయేవారు ముందు రెండు నెలలు అద్దె బండి మీదో, స్నేహితుడి బండి మీదో పోయి చూడండి. ఆ రెండు నెలల్లో ఎన్ని ఆదివారాలు గడప దాటారో అదే మీ అసలు లెక్క. ఇప్పటికే కొని కవరు కప్పినవారు వచ్చే బీమా గడువులోపు ఏదో ఒకటి తేల్చుకోండి. అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకండి, ఆర్‌సీ కొన్నవారి పేరు మీదికి మారేదాకా వెంటపడండి. బండి చేతులు మారినా, ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.