తారకాసురుని బలం ఎవరిది?

వీడియో గేములో ప్రతినాయకుని బలం తెర మీద అంకెల్లో కనిపిస్తున్నా, అతడు నిజంగా ఎంతటివాడన్న వాదం ఆటగాళ్ల మధ్య తెగదు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ‘రాజీ’ అనే ఆటలో, దేవతలు అనుగ్రహించిన ఆయుధాలతో ఒక బాలిక మహాబలాసురుని ఎదుర్కొంటుంది. దైవాయుధాలు లేనిదే లొంగని శత్రువు దేవతలకన్నా అధికుడా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. గోదావరి సీమలో ఈ ప్రశ్నకు తారకాసురుని కథ ఆధారం. అతని కంఠంలోని శివలింగం అయిదు ముక్కలై పడిన చోట్లు పంచారామాలని స్థలపురాణాలు చెబుతాయి. వాటిలో ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు ఈ సీమలోనివే. అయిదవది కృష్ణాతీరాన ఉన్న అమరావతి.

శివుని కుమారుని చేతిలో తప్ప చావు లేకుండా తారకుడు తపస్సు చేసి వరం పొందాడు. సతీవియోగంతో శివుడు విరాగియై ఉన్నందున ఆ వరం అమరత్వంతో సమానమైంది. వేదాంతులు ఇలాంటి బలాన్ని ఔపాధికం అంటారు, అంటే పక్కనున్న వస్తువు వల్ల అరువుగా కనిపించే గుణం; ఎర్రని పువ్వు చెంత స్ఫటికం ఎర్రబడినట్టు, లింగధారణ వల్ల తారకుడు బలవంతుడయ్యాడని వారి తర్కాన్ని అనుసరించి చెప్పవచ్చు.

ఈ సమాధానం అందంగా ఉన్నా సరిపోదు, ఎందుకంటే తపస్సు తారకుడు స్వయంగా చేసినది. కర్మకు, దాని ఫలానికి నడుమ నిలిచే అదృశ్యశక్తిని మీమాంసకులు అపూర్వం అంటారు. ఆ దృష్టితో చూస్తే వరం అతని శ్రమకు దక్కిన ఫలం. నూరు యజ్ఞాలు చేసినవాడు గనుక శతక్రతువు అనిపించుకున్న ఇంద్రుని పదవి సైతం అలా ఆర్జించుకున్నదే. ఇద్దరి బలానికీ మూలం కర్మే అయినప్పుడు ఒకరిది సొంతమనీ మరొకరిది అరువనీ అనడం న్యాయం కాదు. భేదమల్లా కోరికలో ఉంది: తారకుడు తన మరణానికి షరతు పెట్టుకున్నాడే గాని, తన నడవడికి ఏ షరతూ పెట్టుకోలేదు, ఇంద్రపదవికైతే లోకాన్ని కాపాడే బాధ్యత విడదీయరానిది.

శివుని కుమారుడైన కుమారస్వామి లింగాన్ని ఛేదించినా లింగశక్తి తగ్గలేదనీ, ముక్కలు పెరగసాగితే దేవతలు వాటిని ప్రతిష్ఠించి నిలిపారనీ ఐతిహ్యం. ద్రాక్షారామంలో లింగం రెండంతస్తుల ఎత్తున ఉన్నందున, కింద దాని మొదలు చూసిన భక్తులు మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లి శిరోభాగాన్ని దర్శిస్తారు. తెగిపోయినది తారకునితో ఆ శక్తికున్న సంబంధం మాత్రమే. అది తెగనంత కాలం తారకుడు ఇంద్రునికన్నా బలవంతుడేనని ఒప్పుకోవాలి. అతన్ని చంపడం ఇంద్రుని వల్ల కాలేదు గనుకనే కుమారస్వామి పుట్టవలసి వచ్చింది.