మరల రాని అతిథి

ఖరగ్‌పూర్ స్టేషనులో బండి దిగిన తెలుగువానికి పరాయి దేశమునకు వచ్చితినను భావము కలుగదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఇచ్చట పట్టాలు వేసి, గొప్ప వర్క్‌షాపును నెలకొల్పిన కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల ప్రజలు పనికొరకు ఈ ఊరికి తరలివచ్చి స్థిరపడిరి. నీంపురాలోను, మథురకాటిలోను, మలంచలోను ఈనాటికిని తెలుగు మాట వినబడును. తెలుగు ఆరాధనలు జరుగును. గోలే బజారులో ఇడ్లీని, దోసెను బెంగాలీలును, ఒడియావారును తమ సొంత పలహారమువలె తినుచుందురు.

ఈ స్టేషనుకు రెండు సంగతులవలన పేరు వచ్చెను. మొదటిది 1072 మీటర్ల పొడవుగల ప్లాట్‌ఫారము. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోవువరకు దాని ఖ్యాతి గొప్పది. రెండవది పూరీతో అమ్ముడగు ఆలూదమ్. హౌరానుండి మద్రాసు వైపు పోవు బండ్లు ఇచ్చట నిలుచునది కొద్ది నిమిషములే. ఆ కొద్ది నిమిషములలో ఒకడు ఆకలిగొని కిటికీలోనుండి చెయ్యి చాపును, మరియొకడు ఆకుదొన్నె అందించును. వారిద్దరును ఒకరినొకరు మరల చూడకపోవచ్చును. ఒక కఠినమైన ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది. మరల రానివానికి మంచి భోజనము ఎందుకు పెట్టవలెను?

ఈ ప్రశ్న ప్లాట్‌ఫారముతో ఆగునది కాదు. ఒక సందర్భమును ఊహింతము. మలంచలో నివసించు ఒక రైల్వే ఉద్యోగి, తన కుమార్తె పరీక్షలో ఉత్తీర్ణురాలైన సంతోషమున, భార్యాబిడ్డలను, పలాసనుండి వచ్చిన ముసలి తల్లిని వెంటబెట్టుకొని ఒక పెద్ద హోటలుకు పోయెను. అది అనేక పట్టణములలో శాఖలుగల కంపెనీవారిది. గోడమీద మెరయు బొమ్మలు, పట్టికలో నోరూరించు పేర్లు. కూర్చుండిన ముప్పావుగంటకు గాని నీళ్ళు రాలేదు. వచ్చిన అన్నము చల్లారియున్నది. మాంసపు కూర నిన్నటిదని ముసలామె మొదటి ముద్దలోనే కనిపెట్టెను. వడ్డించు కుర్రవాడు మూడు బల్లలకు ఒక్కడే పరుగెత్తుచు, ఎవరి ముఖమును చూడకుండ గిన్నెలు పెట్టి పోవుచుండెను. ఇంటి పెద్దకు కోపము వచ్చి గద్దించగా ఆ కుర్రవాడు తల వంచుకొని నిలువబడెను. "ఊరుకోండి, పిల్లల ముందు ఎందుకు?" అని భార్య మెల్లగా అనెను. బిల్లు మాత్రము తప్పులేకుండ, ఆలస్యము లేకుండ వచ్చెను.

ఇది చిన్న సంగతి. ఎవరును చావలేదు, ఎవరి ఆస్తియు పోలేదు. ఇట్టిదానికి దేవుని వాక్యముతో పని యేమి అని కొందరు నవ్వుదురు. అయితే మోషే ధర్మశాస్త్రము తూనికరాళ్ళను గూర్చియు, కొలపాత్రలను గూర్చియు మాటలాడుటకు సిగ్గుపడలేదు. లేవీయకాండము 19వ అధ్యాయములో చెవిటివాని తిట్టకూడదను ఆజ్ఞయు, పొరుగువాని ప్రేమింపవలెనను ఆజ్ఞయు, న్యాయమైన త్రాసును గూర్చిన ఆజ్ఞయు ఒకేచోట నున్నవి. చెవిటివానికి తిట్టు వినబడదు. త్రాసు తెలియనివానికి మోసము కనబడదు. వంటగది లోపల జరుగునది బల్లయొద్ద కూర్చున్నవానికి తెలియదు. ఈ మూడు సందర్భములలోను బలహీనునికి తన నష్టమే తెలియకపోవచ్చును. దేవుడొక్కడే ఎరుగును.

గోలే బజారులో ఇడ్లీలమ్ము మనుష్యుడు పిండి పులిసిపోయినప్పుడు దానిని పారబోయును. అతడు నీతిమంతుడైనందున పారబోయవచ్చును. లేదా రేపు ఉదయము అదే గుమాస్తా, అదే ఫిట్టరు, అదే పాఠశాల ఉపాధ్యాయిని తన బండియొద్దకు రావలెనను భయముచేత పారబోయవచ్చును. బయటనుండి చూచువారికి ఈ రెండింటి భేదము తెలియదు. ప్లాట్‌ఫారమునొద్దనే అది బయలుపడును. అచ్చట రేపు అను భయము లేదు. కొనువాడు బండితోకూడ వెళ్ళిపోవును. నీతి యొక్కటే మిగులును, ఉన్నయెడల.

1917లో గాంధీ మూడవ తరగతి ప్రయాణముల కష్టములను గూర్చి వ్రాసిన వ్యాసములో, స్టేషనులలో అమ్ముడగు తేనీటి దురవస్థను, తినుబండారముల మురికిని వర్ణించెను. నూరేండ్లు గడచిన తరువాత, 2017 జూలైలో పార్లమెంటు ముందుంచబడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికకొరకు 74 స్టేషనులును, 80 బండ్లును తనిఖీ చేయబడెను. మనుష్యులు తినదగని పదార్థములు, శుద్ధిచేయని కుళాయి నీటితో కలిపిన పానీయములు, మూతలేని చెత్తడబ్బాలు, బిల్లు ఇయ్యకపోవుట అందు పేర్కొనబడినవి. మధ్యకాలములో పరిపాలన మారెను, చట్టములు వచ్చెను, ఇంజనులు మారెను. ప్రయాణికుడు మరల రాడను లెక్క మాత్రము మారలేదు.

అనేక శాఖలుగల హోటలు ఊరిలోపల నున్నను, ఒక విధముగా అదియు ప్లాట్‌ఫారమే. యజమాని వేరొక నగరమున నుండును. వండువాడు తినువానిని చూడడు. ఈ కుటుంబము రాకపోయినయెడల మరియొక కుటుంబము ఆ బోర్డును చూచి లోపలికి వచ్చును. పేరు ముందుగా పోయి మనుష్యులను పిలిచికొనివచ్చును గనుక వంట వెనుకబడినను నష్టము వెంటనే తెలియదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు, అది నిర్లక్ష్యము చేయదగినది కాదు. చవకగా కొనువాడు రాజభోజనము కోరవచ్చునా? కోరకూడదు. పలుచని పప్పు అన్యాయము కాదు, కూర తక్కువగుట పాపము కాదు. బీదవాని వంట సాదాగా నుండును. అయితే సాదా వేరు, పాడైనది వేరు. ఆమోసు 8వ అధ్యాయములో ప్రవక్త గద్దించిన వర్తకులు చవక ధాన్యము అమ్మినందున గద్దింపబడలేదు. కొలపాత్ర చిన్నది చేసి, వెల పెంచి, చచ్చు ధాన్యమును మంచిదని బీదలకు అమ్మినందున గద్దింపబడిరి. అబ్రాహాము మమ్రే సింధూరవనములో ముగ్గురు మనుష్యులను చూచినప్పుడు కొంచెము ఆహారము తెచ్చెదనని పలికి, తరువాత మూడు మానికల మెత్తని పిండితో రొట్టెలు చేయించి, లేతదైన మంచి దూడను వండించి, వెన్నయు పాలును తెచ్చి, వారు తినుచుండగా తాను వారియొద్ద నిలుచుండెను. నోటితో కొంచెమనెను, చేతితో విస్తారముగా పెట్టెను. మన కాలపు పట్టికలు విస్తారముగా పలుకును!

అబ్రాహాము డబ్బు తీసికొనలేదు గదా, అమ్ముకొనువానికి ఆ మాదిరి వర్తించునా అని అడుగవచ్చును. అడుగవలసినదే. అందువలన లూకా సువార్త 10వ అధ్యాయములోని మరియొక మనుష్యుని చూడవలెను. మంచి సమరయుని గూర్చి ఎన్ని ప్రసంగములు వింటిమి! యాజకుని గూర్చియు, లేవీయుని గూర్చియు వింటిమి. గాడిదను గూర్చి సహితము కొందరు బోధకులు చెప్పిరి. పూటకూళ్ళవానిని గూర్చి ఎవరు చెప్పిరి? ఆ మాట మన భాషలో ఎంతో పాతది. పూటకు ఇంత అని తీసికొని కూడు పెట్టువాడని దాని అర్థము. ఓరుగల్లులోని పూటకూళ్ళయింట ఒక రూకకు దొరకు భోజనమును 'క్రీడాభిరామము' నోరూరునట్లు వర్ణించినది. అమ్ముకొనినంత మాత్రమున అన్నము హీనము కాదని ఆ కాలమువారికిని తెలియును.

ప్రభువు చెప్పిన ఉపమానములో సమరయుడు రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చు చేసినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి వెళ్ళిపోయెను. రెండు దేనారములనగా కూలివాని రెండు దినముల కూలి. మిగిలినది కొనప్రాణముతోనున్న ఒక బాటసారి. అతడు లేచి పట్టిక చూడలేడు. గంజి పులిసినదని చెప్పలేడు, పక్క మురికిగా నున్నదని ఫిర్యాదు చేయలేడు. స్వస్థపడినయెడల తన దారిన పోవును, బహుశః ఆ త్రోవనే మరల రాడు. ఇట్టివానికి రాత్రి మూడవ జామున నీళ్ళు త్రాగించవలసినవాడు డబ్బు పుచ్చుకొనిన పూటకూళ్ళవాడే. అతడు ఆ గంజిలో నీళ్ళు కలిపియుండినయెడల సమరయుని కనికరమంతయు సగములో తెగిపోవును. ఉపమానమంతయు ఒక హోటలు యజమాని యథార్థతమీద ఆనుకొని నిలిచియున్నది, అయినను అతని మంచితనమును గూర్చి అందులో ఒక్క మాటయు లేదు. పని సరిగా చేసినవాని గూర్చి చెప్పవలసినదేమియు ఉండదు కాబోలు.

ఇక మలంచ కుటుంబపు పెద్ద కోపము సంగతి. వాడిన కూరకు ఆ కుర్రవాడు కారకుడా? మాంసము కొనినవాడు అతడు కాడు. మూడు బల్లలకు ఒక్కనినే నియమించినవాడును అతడు కాడు. హోటళ్ళలోను ధాబాలలోను 14 సంవత్సరములలోపు పిల్లలచేత పని చేయించుట 2006 అక్టోబరు 10నుండి చట్టరీత్యా నిషిద్ధము. అంతకు ముందు ఎన్ని దశాబ్దములు అట్టి పిల్లలమీద పెద్దమనుష్యులు చల్లారిన తేనీటికొరకు కేకలు వేసిరో! అందులో ఆదివారపు ఆరాధన ముగించుకొని, బైబిలు బల్లమీద పెట్టుకొనిన పెద్దమనుష్యులును ఉండిరి. పనివారి బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. చవకగా తినుటకు కోరుచు, వేగముగా వడ్డింపుమని గద్దించువాడు ఆ మొఱ్ఱలో తన పాలు ఎంతయని ఆలోచించినట్లు కనబడదు.

అట్లని మౌనముగా డబ్బిచ్చి లేచిపోవుటను సాత్వికమనరాదు. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములో, ఎరుగక తెచ్చిన చేదు కాయలతో వండిన కూర తినుచు, ప్రవక్తల శిష్యులు కుండలో మరణమున్నదని కేక వేసిరి. ఎలీషా వారిని సణుగువారని గద్దింపలేదు, కాయలు తెచ్చినవానిని అవమానింపలేదు, కుండ దోషము తీసి మరల వడ్డింపుమనెను. కేక వేయకయుండినయెడల ప్రక్కవాడు తిని చచ్చియుండును. క్షమించుట తన నష్టమును గూర్చినది, ప్రక్కబల్లవాని నష్టమును క్షమించుటకు ఎవరికిని అధికారము లేదు.

కావున ఆ కుటుంబపు పెద్ద ఏమి చేయవలసియుండెను? తప్పును ముందుగా ఏకాంతమున తెలుపుమని మత్తయి సువార్త 18వ అధ్యాయము సహోదరుని విషయమున నేర్పిన క్రమము అన్నము విషయమునను పనికివచ్చును. కుర్రవాని కొంచెము కూర్చుండనియ్యక పోయినను, అతని పేరైన అడుగవచ్చును. లేచి, లోపలికి పోయి, అధికారముగలవానితో మెల్లగా, "ఈ కూర నిన్నటిది. మా అమ్మకు పెట్టితిరి. దీనిని ఇంకెవరికిని పెట్టకుడి" అని చెప్పవలెను. చెప్పినను వినకపోయినయెడల ఫిర్యాదు పుస్తకము అడిగి, తేదీయు, గంటయు, కూర పేరును వ్రాయవలెను. కుర్రవాని పేరు అందులో వ్రాయనక్కరలేదు.