తీర్చరాని ఋణము

శ్రీమద్రామాయణ ప్రారంభముననే వాల్మీకి మహర్షి నారదుని ప్రశ్నించుచు, ధర్మజ్ఞుడును కృతజ్ఞుడును అగు పురుషుడెవ్వడని అడిగెను. ధర్మము నెరుగుటను చెప్పిన వెంటనే, పొందిన మేలు నెరుగుటను చెప్పుటలో ఔచిత్యము కలదు. ఆ గుణమునకు పరమావధి ఉత్తరకాండమున కనబడును. పట్టాభిషేకానంతరము హనుమంతునకు వీడ్కోలు పలుకుచు శ్రీరాముడు, అతడు చేసిన ఉపకారము తనయందే జీర్ణించిపోవలెనని కోరెను. ప్రత్యుపకారము చేయవలెనన్నచో ఉపకారి ఆపదలో పడవలెను గదా! అట్టి ఆపద అతనికి రాకుండుగాక యని స్వామి హృదయము. తీర్చరాని ఋణమును మరువక ధరించుట ఒక విద్య. అవయవమార్పిడిచే పునర్జీవితులైన గృహస్థులకు ఆ విద్య నేడు నిత్యావసరమైనది.

1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే బృందము, రొనాల్డ్ హెరిక్ అను యువకుని మూత్రపిండమును అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చి సఫలమయ్యెను. ముందురాత్రి రిచర్డ్ సోదరుని ఇంటికి వెళ్లిపొమ్మని చీటి పంపగా, తాను కదలనని రొనాల్డ్ బదులు వ్రాసి పంపెనట. సౌమిత్రి కథ వినని దేశమునను సౌభ్రాత్రమునకు కొదువ లేదు. రిచర్డ్ తనకు పరిచర్య చేసిన నర్సునే వివాహమాడి, ఇద్దరు బిడ్డలకు తండ్రియై, ఎనిమిదేండ్లు జీవించెను. ఇచ్చిన రొనాల్డ్ ఒక్క మూత్రపిండముతో 2010 వరకు జీవించెను. మన దేశమున సఫలమైన మొదటి హృదయమార్పిడి 1994 ఆగస్టులో ఢిల్లీలో జరిగినది. దానిని చేసిన డాక్టరు పి. వేణుగోపాల్ రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగువారు. 2023లో తిరుపతిలోని దేవస్థానము వారి శ్రీ పద్మావతి హృదయాలయమునందును ఆ చికిత్స ఆరంభమైనది.

సోదరుడిచ్చినచో ఎదుటనే యుండును, సేవింపవచ్చును. మెదడు పూర్తిగా మృతిచెందిన అపరిచితుని హృదయమును పొందినవాని మాట వేరు. దాత పేరు అతనికి సాధారణముగా తెలుపరు. ఇక అతని మనస్సున సంశయములు మొలకెత్తును. అన్యుని అవయవము దేహమున నుండగా భగవదారాధనమునకు అర్హత యుండునా? ఆ దాత పాపపుణ్యములు తన కంటునా? ఇరుగుపొరుగువారి మాటలును వీనికి తోడగును.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున శరీరమునకు చెప్పిన లక్షణము ఇచట చాలును. ఏ ద్రవ్యమును చేతనుడు తన ప్రయోజనమునకై ధరించి నియమించునో, ఏది అతనికే శేషమై యుండునో, అది అతని శరీరము. అమర్చబడిన హృదయము గ్రహీతనే ఆశ్రయించి స్పందించుచున్నది కనుక అది అతని దేహమే. కర్మము జీవుని అంటియుండును గాని మాంసఖండమును కాదు. అశౌచశంకకు తావెక్కడిది?

రెండవ సంశయము ఇంతకంటె బాధాకరము. "ఒకరు మరణించినందుననే గదా నేను బ్రతికితిని, ఎదురుచూచిన ఆ నెలలన్నియు ఒకరి చావును కోరితినా?" అని రాత్రులందు కుములువారు కలరు. శ్రీరాముడు హనుమంతుని విషయమున భయపడినది ఇట్టి కోరికకే. కాని రోగి వేడినది తన ప్రాణమును, పరుని మరణమును కాదు. ఆ మరణము ఏ రహదారి ప్రమాదముననో ముందే సంభవించినది. మార్పిడితో సంబంధములేని వైద్యులు, ఆరుగంటలకు తక్కువకాని వ్యవధితో రెండుమారులు పరీక్షించి నిర్ధారించిన పిదపనే, బంధువుల సమ్మతితో అవయవములను గైకొందురు. ఆ దుఃఖసమయమున సమ్మతించిన తల్లి ఔదార్యమును తలచినచో దధీచి కథ గుర్తునకు వచ్చును. భాగవతము షష్ఠస్కంధమున ఆ మహర్షి దేహమెంత ప్రియమైనదో దేవతలకు నవ్వుచు చెప్పి, పిదప ఎట్లును విడువవలసిన దానిని పరులకై విడిచెను. ఆ తల్లి కట్టి హాస్యమునకు ఓపిక యెక్కడిది? కన్నీటితోనే ఇచ్చినది.

అట్టి దానమును కాపాడుకొనుట కైంకర్యమే. దేహము క్రొత్త అవయవమును పరాయిదిగా నెంచి త్రోసివేయజూచును గనుక, దానిని అణచు మందులను జీవితాంతము వేళకు సేవింపవలెను. ఏకాదశినాడు మందు మానుట భక్తి కాదు, అవివేకము. వ్రతభంగము చేయనివాని పట్టికలో శాస్త్రకారులు ఔషధమును చేర్చియే యున్నారు. ఆ మందుల వలన రోగనిరోధకశక్తి తగ్గును. కావున రద్దీలో జాగ్రత్త వలయును. తీర్థమును శిరస్సున ప్రోక్షించుకొనినను స్వామి అపచారముగా నెంచడు. అంగప్రదక్షిణము వంటి మ్రొక్కులు వైద్యుని అనుమతి పిదపనే. తక్కినది సంపూర్ణ గృహస్థజీవితము: ఉద్యోగము, పిల్లల పెండ్లిండ్లు, తిరువారాధనము.

పేరు తెలియనివానిని ఎట్లు స్మరించుట యని అడుగువారు కలరు. గోత్రనామములు లేనిదే తర్పణము లేదని తలంచుట పొరపాటు. బంధువులకును, బంధువులు కానివారికిని, జన్మాంతరమున బంధువులైన వారికిని కలిపి జలము విడుచు మంత్రము తర్పణవిధిలో కలదు. అధికారము గలవాడు అచట క్షణకాలము నిలిచి, తన వక్షమున కొట్టుకొనుచున్న ఆ శబ్దమును ఆలకించి, నీరు విడువవచ్చును. అధికారము లేనివారును, స్త్రీలును సాయంకాలము తులసికోట యొద్ద దీపము పెట్టునపుడు, ఆ అజ్ఞాత గృహమున కన్నబిడ్డను కోల్పోయిన తల్లికి శాంతి నిమ్మని శ్రీనివాసుని వేడుకొనవచ్చును.