రాజాకి ఇల్లు కావాలి

మా ఎదురింటివాళ్లు గ్రేట్ డేన్ కుక్కపిల్లని తెచ్చుకున్ననాడు వీధి వీధంతా వెళ్లి చూసొచ్చాం. రాజా అని పేరు పెట్టారు. పిల్లలు దాన్ని ఒళ్లోంచి దింపితే ఒట్టు! ఏడాది తిరిగేసరికి ఆ ఒళ్లో పిల్ల కాస్తా యాభై కిలోలు దాటింది. తోక ఆడిస్తే టీపాయి మీది గ్లాసులు కిందే. అప్పట్నుంచీ దాని చోటు పెరట్లో కొళాయి పక్కన, మూరెడు గొలుసుకి.

బెజవాడ ఎండలు మీకు తెలియనివా! సిమెంటు నేల మీద పడుకుని పడుకుని దాని మోచేతులు కాయలు కాసి పుళ్లు పడ్డాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తూ నేనేమన్నాను? "ఎవరిల్లు వాళ్లది, మనకెందుకు?" అన్నాను. ఎనిమిది నెలలపాటు అలాగే అనుకుంటూ వచ్చాను.

ఇంతలో వాళ్లకి బదిలీ అయింది. "ఊరవతల ఎక్కడో వదిలేస్తాం" అని ఆవిడ తేలిగ్గా అనేసరికి, "వద్దు వదినగారూ, నేనే ఇల్లు చూస్తాను" అన్నమాట నా నోటివెంట వచ్చేసింది. పెంపుడు జంతువుని నిష్కారణంగా వదిలేయడం, పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి చేసినవాళ్లకి ఆ చట్టంలో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. నమ్మిన ప్రాణిని వీధిపాలు చేయడానికి అదీ ఖరీదు!

పెళ్లి సంబంధం కన్నా కుక్కకి ఇల్లు వెతకడమే కష్టమని తర్వాత తెలిసింది. గోడౌను కాపలాకి కావాలని ఒకాయన వచ్చాడు. అంటే మళ్లీ గొలుసే. జత కట్టిస్తే ఎంతొస్తుందని ఇంకొకాయన లెక్కలు వేశాడు. "నాకు కుక్కలంటే ప్రాణమండీ" అంటూ ఒకావిడ దాని మెడ కావిలించుకుంది. వెళ్లి చూస్తే మూడో అంతస్తులో రెండు గదులు, పొద్దున్నుంచి సాయంత్రందాకా తాళం. ముగ్గురికీ ఇవ్వనన్నాను. "ఏదో ఒక ఇల్లు దొరికితే చాలదూ? ఇంత ఎంపికేమిటి?" అని మావారు విసుక్కున్నారు.

కుక్క కోసం స్వర్గాన్నే కాదన్న ధర్మరాజు కథ మనందరికీ తెలుసు. భారతం మొదట్లోనే వచ్చే సరమ కథ అంతగా గుర్తుండదు. ఏ తప్పూ చేయని తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, ఆ తల్లికుక్క యాగం జరిగేచోటికే వచ్చి నిలదీసింది. రాజా తరఫున అడగడానికి ఏ సరమా రాదు కదా! మరి నేనైనా అడగొద్దూ?

చివరికి నూజివీడు దగ్గర మామిడితోటలో, కొడుకూ కోడళ్లతో ఉండే పెద్దావిడ ఒకరు వచ్చారు. ప్రేమ, ప్రాణం అన్న మాటలే ఎత్తలేదు. "వీడికి రోజుకెన్నిసార్లు పెట్టాలమ్మా? ఉరుములకి భయపడతాడా? ఎన్నేళ్లు బతుకుతాడు?" అని అడిగారు. ఈ జాతికి ఏడు నుంచి పదేళ్లేనంటే, "అయితే మా ఇద్దరిదీ ఒకటే లెక్క" అని నవ్వారు. వచ్చినవాళ్లలో రాజాకేం కావాలో అడిగింది ఆవిడొక్కరే.

నెల తర్వాత వెళ్లాను. గోనెసంచుల పరుపు మీద పడుకున్న రాజా నన్ను చూసి, లేచొచ్చి తోక ఆడించింది. ఎనిమిది నెలలు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నది నేనేనని దానికి తెలియదూ? కుక్కలు కోపం మనసులో పెట్టుకోవంటారు. పెట్టుకున్నా బాగుండేదనిపించింది.