మిద్దెకు పిట్టగోడ

వేసవి రాత్రులలో మన అనంతపురము సీమవారు మిద్దెలమీద పండుకొందురు. పిల్లవాడు నిద్రలో దొర్లి క్రిందపడినయెడల ఇరుగుపొరుగువారు వచ్చి, "అంతా దేవుని చిత్తము" అని ఓదార్చుదురు. ఆ మాట నిజమేనా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చూడుడి. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల పడినవాని దోషము ఆ యింటిమీదికి వచ్చుననియు అక్కడ ఆజ్ఞ కలదు.

లోకములో జరిగిన గొప్ప అణు ప్రమాదములను ఈ ఆజ్ఞతో పోల్చి చూతము. 1986 ఏప్రిల్ 26న, అప్పటి సోవియట్ రాజ్యములోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రము ప్రేలెను. ఒక పరీక్ష నిమిత్తము రక్షణ ఏర్పాట్లు కొన్నింటిని ఆపివేసిరి. యంత్ర నిర్మాణములోని లోపమును దానిని నడుపువారికి సరిగా తెలుపలేదు. ప్రక్కనున్న ప్రిప్యాత్ పట్టణపు ప్రజలను, దాదాపు 49,000 మందిని, మరునాడుగాని తరలింపలేదు. చెర్నోబిల్ అనునది మాచిపత్రి జాతి మొక్క పేరు గనుక, ప్రకటన గ్రంథములోని నక్షత్రము ఇదేయని కొందరు బోధించిరి. అట్లు నక్షత్రముమీద నెట్టినయెడల మనుష్యుల అపరాధము మరుగుపడును.

2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమా కేంద్రముమీదికి సముద్రము పొంగి వచ్చెను. అల దాదాపు 14 మీటర్ల ఎత్తుకు లేచెను. అంతటి అల రావచ్చునని ఆ కంపెనీవారి లెక్కలలోనే 2008లో తేలియుండెను. అయినను తగినంత ఎత్తు గోడ కట్టలేదు. ఇది మానవులు చేసికొనిన విపత్తని ఆ దేశపు పార్లమెంటు నియమించిన విచారణ సంఘము 2012లో తీర్పు చెప్పెను. సముద్రమును ఆపలేదేమని దేవుడు మనలను అడుగడు. గోడ ఏదని అడుగును.

ఇది దూరదేశపు సంగతి యనుకొనవద్దు. మన పొరుగున కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని, కర్మాగారము ఉన్నవి. అక్కడి వ్యర్థపు చెరువువలన తమ బోరు నీళ్లు చెడినవని చుట్టుపట్ల రైతులు మొరపెట్టిరి, సంస్థవారు ఒప్పుకొనలేదు. వారిలో ఎవరిది సత్యమో తేల్చుట పరీక్షలు జరుపు అధికారుల బాధ్యత. అయితే కరవు సీమలో నీళ్లే ప్రాణము గనుక, ఆ చెరువు అడుగున వేయు పొరయే అక్కడి పిట్టగోడ. అది గట్టిగా నున్నదా యని అడుగుట పొరుగువానిని ప్రేమించుటయే.

ఇక మన సంగతి? నీళ్లు పడని బోరును మూయక విడిచినవారు మనలో లేరా? అట్టి గుంతలలో పసిబిడ్డలు పడి చనిపోలేదా? పెద్దవారి గోడను గూర్చి అడుగబోవు మనము, ఈ సాయంకాలమే పోయి మన చేని బోరుకు మూత వేయుదము. అప్పుడు మన మొర న్యాయమైన మొరగా నుండును. దేవుడు మనకు మెలకువగల హృదయము దయచేయును గాక. ఆమేన్.