మూరెడైనను లేని ఆధిక్యము

చదువుము: మార్కు 9:33–35, ఫిలిప్పీయులకు 2:5–8

ఇంగ్లండు దక్షిణ భాగమందలి విల్ట్‌షైరు జిల్లాలో మిల్క్ హిల్, టాన్ హిల్ అను రెండు సుద్దకొండలు పచ్చిక కప్పుకొని ప్రక్కప్రక్కనే యున్నవి. జిల్లాలోకెల్ల ఎత్తైనది మిల్క్ హిల్. దాని ఎత్తు సుమారు 295 మీటర్లు. టాన్ హిల్ దానికంటె మూరెడైనను తక్కువ కాదు. ఏది పెద్దదో కంటితో చూచి చెప్పుట కష్టము. సున్నితమైన సాధనములతో కొలిచినపుడే ఆ భేదము తేలినది. అంతమాత్రముచేత ఒకటి మొదటిదాయెను, మరియొకటి రెండవదాయెను.

కపెర్నహూము త్రోవలో శిష్యులు వాదించుకొనినది ఇట్టి కొలతను గూర్చియే. నేటి సంఘములలో ముందు వరుస కుర్చీ కొరకును, పెద్దరికము కొరకును జరుగు పెనుగులాట యిట్టిదే. అయినను ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఉన్న ఎత్తును ఒప్పుకొనుట గర్వమగునా? దీనత్వమనగా ఎత్తు లేదని బొంకుటయా? కాదు. కొలబద్ద అబద్ధమాడదు. ఒకనికి అధికమైన విద్యయో వాక్చాతుర్యమో యున్నయెడల అది యున్నదే. తప్పు కొలతలో లేదు. ఆ ఎత్తు ఎక్కడనుండి వచ్చినదో, ఎందుకొరకు ఇయ్యబడినదో మరచుటలో నున్నది.

ఎక్కడనుండి వచ్చినది? ఆ సుద్ద ఒకప్పుడు సముద్రపు అడుగు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వమే ముగిసిన క్రెటేషియసు యుగములో, కంటికి కనబడని సూక్ష్మజీవుల పెంకులు నీటి అడుగున పేరుకొని సుద్దయైనవని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తరువాత భూమి కదలికలు దానిని పైకెత్తినవి. కొండ తన్ను తాను ఎత్తుకొనలేదు. అత్యల్పములైన ప్రాణుల అవశేషములే జిల్లాలో అత్యున్నత స్థలమైనవి.

ఎందుకొరకు ఇయ్యబడినది? సుద్దకొండ శిఖరము పొడిగా నుండును. దానిమీద పడిన వాన లోనికింకి, కొండ పాదమున ఊటలై వెలువడును. ఎత్తున పడినది పల్లమునకు మేలగును.

మనుష్యుని విద్య, పదవి, ధనము తల్లిదండ్రుల కష్టమువలనను, ఎరుగబడని అనేకుల సేవవలనను, దేవుని హస్తమువలనను పైకెత్తబడినవే. వాటిని తనయందే నిలుపుకొనువాడు ఎంత ఎత్తున నున్నను ఎవనికిని ఊట కాజాలడు. నిజముగా అత్యున్నతుడైన ప్రభువైతే దాసుని రూపమున అడుగునకు దిగివచ్చెను. ఆయన సిలువ యెదుట నిలిచిన విశ్వాసి, పొరుగువానికంటె తానెంత ఎత్తని కొలుచుకొనుట మాని, తన పాదమున ఎవరి దప్పి తీరుచున్నదో చూచుకొనును.