ఎనిమిదో కుల్చా

హైదరాబాద్ నిజాంలైన అసఫ్‌జాహీల పసుపు జెండా నడుమ గుండ్రంగా కనిపించేది చందమామ కాదు, కుల్చా అనే రొట్టె. ఫకీరు పెట్టినవాటిలో మొదటి అసఫ్‌జా ఏడు తిన్నందుకే ఏడు తరాల రాజ్యం దక్కిందనీ, ఎనిమిదోది తినలేదు కాబట్టే పోయిందనీ హైదరాబాద్‌లో చెప్పుకోనివాళ్లు లేరు. ఆ కథ వింటే నాకు ఒళ్లు మండుతుంది. పోవడం ముందే రాసిపెట్టి ఉంటే, 1946 నుంచి భూమి కోసం ప్రాణాలిచ్చినవాళ్లు దేనికి చచ్చినట్టు? 1948లో పోలీస్ యాక్షన్ వెంట ఊచకోతకు గురైన అమాయక ముస్లింల చావు ఏ ఫకీరు లెక్కలోది?

ఆ లెక్కే తప్పని చూపించాలనుకున్నాను. మొదటి అసఫ్‌జా 1748లో పోయాక, నిజాం అలీ 1762లో గద్దెనెక్కేలోపు నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్ ఏలారు. కలిపితే పదిమంది. ముగ్గురిని పక్కన పెడితేనే ఏడుగురు. కానీ కథ చెప్పేది తరాలు. తండ్రి నుంచి కొడుక్కి లెక్కపెడితే రాజ్యమేలిన చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాకా సరిగ్గా ఏడే. కాదనలేను.

ఆ లెక్కన ఎనిమిదో తరం ఆజం జా. తండ్రి ఆయన్ని దాటేసి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. అంటే మనం ఎనిమిదో నిజాం అన్న మనిషిది తొమ్మిదో తరం. 1967లో చౌమహల్లాలో పట్టాభిషేకం జరిగింది. 1971లో రాజ్యాంగం 26వ సవరణ ఆ బిరుదునూ రాజభరణాన్నీ తీసేసింది. ఆయన పడమటి ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ అనే గొర్రెల క్షేత్రం కొని, అక్కడ బుల్డోజర్ నడుపుకున్నాడు.

నిజాం కాలంలో మా మేడ్చల్ సర్ఫెఖాస్. ఇక్కడి శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకు పోయేది. 1949లో గానీ ఆ ఏర్పాటు పోలేదు. మా నాయినమ్మకు ఆ రోజులు తెలుసు. బడిలో విన్న కుల్చా కథ ఇంటికొచ్చి చెబితే, జొన్నరొట్టె కొడుతున్న ఆమె చేతులాపింది. "ఆ పిండి ఎవ్వనిదిరా? ఫకీరు పండించిండా?" అనడిగింది. "కథ గదా నాయినమ్మా" అన్నాను. "కథల గూడ పండించెటోడు ఉండాలె గద" అన్నది. పటేలు, పట్వారీ వస్తున్నరంటే నాయినమ్మ తల్లి గుమ్మి అడుగున మిగిలిన జొన్నలు ఊడ్చి, మూటగట్టి గడ్డివాములో దాచేదట. చెబుతూ చెబుతూ పెంక మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది. మాడిన ఆ రొట్టెను తనే తిన్నది.

2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన ముకర్రం జాను తెచ్చి, అధికార లాంఛనాలతో మక్కా మసీదులో ఖననం చేశారు. టీవీ ముందు కూర్చున్న నాకు దుఃఖమొచ్చింది. ఆ నాయినమ్మ మనవడికి ఎందుకు రావాలి? రాచరికం మీద మోజు లేదు. 1948లో రాజ్యం పోయేనాటికి ఆయన పదిహేనేళ్లు నిండని పిల్లవాడు, మా గింజలు ఊడ్చుకుపోయింది ఆయన కాదు. ఆ గింజలతో పెరిగినవాడు మాత్రం అవును. తప్పు పట్టబోతే నోరు రాదు, వదిలేయబోతే గడ్డివాములోని మూట గుర్తొస్తుంది.

ఆయన పోయాక పెద్దకొడుకు అజ్మత్ జా పేరుకు తొమ్మిదో నిజాం అయ్యాడు. వంశంలో మరో వర్గం వేరే మనిషిని నిలబెట్టింది. ఆ తగువు వాళ్లది, వాళ్లే తేల్చుకోనీ. నేను కోరేది ఒకటే. ఆ జెండాను ఏ మ్యూజియంలో చూపించినా, ఏడు కుల్చాల కథ పక్కనే సర్ఫెఖాస్ ఊళ్ల పేర్లు కూడా రాయాలి. అందులో మేడ్చల్ ఉండాలి.